సోడా నీళ్ళకు లేచిన పాదాలు

నంద్యాలలో ఈ పని కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. ఏ మిషను కొనాలి, ప్రెజర్ ఎంత పెట్టాలి, ఏ మందు వాడాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. కానీ వాళ్ళు అడగనిది ఒకటుంది, నాకు చెప్పాలని ఉండేది అదే. ఇంటి ముందు కాంక్రీటు మీద నీళ్ళు కొట్టే ముందు కాసేపు ఊరికే కూర్చుని దాన్ని చూడండి. ఆ తర్వాత, చూసిందంతా నోటితో చెప్పకండి. మొదటిది నాకు పుట్టుకతో వచ్చింది. రెండోది మాత్రం ఆళ్ళగడ్డలో ఒక పెళ్ళివారింట్లో నేర్చుకున్నాను.

గేటు నుంచి పోర్టికో దాకా కారు వెళ్ళడానికి పోసే కాంక్రీటు దారిని బోర్డుల మీద డ్రైవ్‌వే అని రాస్తారు గానీ, మన దగ్గర అందరూ ర్యాంపు అనే అంటారు. నేను మొదట వాటర్ సర్వీసింగ్ నడిపేవాణ్ణి. లారీలూ ట్రాక్టర్లూ కడిగే పని. ఒకరోజు ఒక డాక్టరు గారు కారు కడిగించుకుంటూ, మా ర్యాంపు పాచి పట్టి నల్లగా అయింది, ఈ మిషను ఇంటికి తెస్తావా అన్నారు. ఆటోలో వేసుకుని తీసుకుపోయాను. నీళ్ళు కొట్టే కొద్దీ పాచి లేచి తెల్లటి కాంక్రీటు బయటపడుతుంటే వీధిలో వాళ్ళంతా గేట్లు పట్టుకుని నిలబడి చూశారు. ఆ సాయంత్రానికే ఇంకో రెండిళ్ళవాళ్ళు పిలిచారు. అట్లా లారీల నుంచి ఇళ్ళకు మారాను. నడుము సహకరించినన్నాళ్ళూ అదే పని చేశాను.

నాకు తోడు ఒక బేల్దారి, అంటే తాపీమేస్త్రీ, ఉండేవాడు. సగం జీవితం కాంక్రీటు పోయడంలో, మిగతా సగం నాతో కలిసి దాన్ని కడగడంలో గడిపిన మనిషి. మాట తక్కువ. ఏ మరక చూసినా ఆయన నోటివెంట వచ్చేది ఒకటే మాట, "ఆసిడ్ కొడ్దాం." ఆసిడ్ కొడితే మరకతోపాటు కాంక్రీటు పైపొర కూడా పోతుందని నేను వాదించేవాణ్ణి. పోతే పోనీలే, మళ్ళీ నేనే పోస్తా గదా అనేవాడు. ఇద్దరమూ అట్లా పోట్లాడుకుంటూనే సగం జిల్లా తిరిగాం.

నాకు మరకల పిచ్చి ఉండేది. ఒక ఇంటి ర్యాంపు చూస్తే ఆ ఇంట్లో ఎవరుంటారో, ఏం చేస్తారో చెప్పగలిగేవాణ్ణి. నల్లరేగడి మట్టి చారలుంటే ట్రాక్టరు నేరుగా పొలం నుంచి వస్తుందన్నమాట. తెల్లటి ఉప్పు పొర ఉంటే బోరునీళ్ళతో కడుగుతున్నారన్నమాట. మామిడి జిగురు పడి నల్లబడిన చుక్కలుంటే వాళ్ళకు బనగానపల్లె వైపు మామిడితోటో, తోట ఉన్న చుట్టాలో ఉన్నట్టు. ఇవన్నీ మనసులో ఉంచుకుంటే బాగుండేది. నేను పైకి చెప్పేసేవాణ్ణి. ఒక ఇంట్లో స్తంభం వెనక ఎర్రటి చారలు చూసి, ఈ ఇంట్లో ఎవరో గుట్కా నములుతున్నారు, అది కూడా చాటుగా, అన్నాను. ఆ ఇంటాయన గుట్కా మానేశానని అప్పటికే భార్య దగ్గర ఒట్టు వేసి ఉన్నాడట. ఆమె నా మాట విని, చీపురు కింద పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ ఇల్లు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు.

తిరిగి వస్తుంటే బేల్దారి అన్నాడు. "మనం మరక తీసేదానికి వచ్చినామా, మరక చరిత్ర చెప్పేదానికి వచ్చినామా?"

నవ్వేశాను. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఆళ్ళగడ్డలో అంత కంగారు పడాల్సిన పని ఉండేది కాదు.

ఆళ్ళగడ్డలో ఆ ఇల్లు అహోబిలం దారి వైపు ఉంటుంది. తాతల నాటి భూములున్న రైతు కుటుంబం. ఇంటాయనకు భార్య పోయి చాలాకాలమైంది. ఉన్నది ఒక్కతే కూతురు, ఆ అమ్మాయికే పెళ్ళి. ఇంట్లో పెత్తనమంతా ఆయన తల్లిది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేది, కానీ ఆ ఈడుపు చప్పుడు వినిపిస్తే చాలు ఇంట్లో వాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఇంకొకామె ఇంటాయన చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లి లేని ఆ పెళ్ళికూతుర్ని పసిపిల్లప్పటి నుంచి పెంచింది ఈ మేనత్తే.

మేము వెళ్ళినరోజు పెళ్ళికి ఇంకా రెండు రోజులుంది. మర్నాడు అమ్మాయికి పసుపు రాసి పెళ్ళికూతుర్ని చేస్తారు. మేము వెళ్ళినరోజు మధ్యాహ్నమే ఉయ్యాలవాడ నుంచి మగపెళ్ళివారి ఆడవాళ్ళు చీర, గాజులు తీసుకుని వస్తారు. వాళ్ళు వచ్చేలోపల ర్యాంపు అద్దంలా ఉండాలని ఇంటాయన చెప్పాడు. ఉదయం మాకు కాఫీ తెచ్చిచ్చింది మేనత్తే. గ్లాసులు గట్టు మీద పెట్టడానికి వంగినప్పుడు ఆమె పాదాలు నా కంటపడ్డాయి. కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. నా కళ్ళు అట్లాంటివి ఊరికే వదలవు, ఏం చేయను.

కాఫీ తాగుతూ నేను ఇంకోటి కూడా గమనించాను. ఇంటి పని అంతా ఆమె మీదే నడుస్తోంది. సరుకులు ఎక్కడున్నాయో ఆమెకే తెలుసు, వంటవాళ్ళు ఆమెనే అడుగుతున్నారు, అరిటాకులు ఎన్ని కావాలో ఆమే చెబుతోంది. కానీ ముందు హాల్లో, పసుపు కొమ్ములు దంచిన రోలు దగ్గర, చీరలు పరిచిన చాప దగ్గర మాత్రం ఆమె కనిపించదు. పక్కవాకిలి నుంచి వచ్చి పక్కవాకిలి నుంచే పోతోంది. అది పెద్దమ్మ పెట్టిన కట్టుబాటని నాకు వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ ర్యాంపు పొడుగ్గా ఉంటుంది. సగం ఎండలో, సగం రేకుల షెడ్డు కింద. షెడ్డు కింద జీపు నిలబెట్టే చోట ఇంజను ఆయిలు కారి నల్లటి మడుగులా గట్టిపడింది. పక్కనే బండ్లు కడుక్కునే కొళాయి. ఆయిలు మరకకు మేము వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి పోసేవాళ్ళం. పోసి, చీపురుతో పరిచి, మరక మెత్తబడేదాకా ఆగాలి. కుర్రవాళ్ళు ఆ ఆగే సమయంలో ఫోను చూసుకుంటారు. నేను కాంక్రీటు చూసుకునేవాణ్ణి.

చూస్తుండగానే కాంక్రీటు మీద ఎర్రగా ఏదో లేచింది. మొదట వేళ్ళలాగా చుక్కలు. ఆ తర్వాత వాటి కింద అరికాలి ముందు భాగం. ఒకటి, దాని ముందు ఇంకొకటి. సోడా నీళ్ళు పారిన మేరంతా, పక్కవాకిలి మెట్టు నుంచి ఎర్రటి పాదాలు వరసగా లేచి వచ్చాయి. అంతకు ముందు అక్కడ బూడిద రంగు కాంక్రీటు తప్ప ఏమీ లేదు. నా జీవితంలో మరకలు పోవడం చూశాను గానీ, కడుగుతుంటే మరకలు రావడం అదే మొదటిసారి. భయం వేయలేదంటే అబద్ధమవుతుంది. కానీ భయం కంటే ముందు, ఇదేమిటో తెలుసుకోవాలన్న ఆత్రం పట్టుకుంది.

బేల్దారి చేతిలో చీపురు ఆగిపోయింది. "ఏందప్పా ఇది," అన్నాడు గొంతు తగ్గించి. "రగతం మాదిరి ఉంది."

ఇంటాయన వచ్చాడు. "ఏం పోసినావప్పా?"

"సోడా అన్నా. ఆయిలు మరకకు."

"సోడా పోస్తే రగతం కాళ్ళు వస్తాయా?"

అప్పటికే ఎడమకాలు ఈడుస్తూ పెద్దమ్మ వచ్చేసింది. ఆమె రంగు చూడలేదు. వేళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూసింది.

"కాళ్ళు బయటికి పోతాండాయి," అంది.

అందరం చూశాం. నిజమే. పండగకు ముగ్గుతో వేసే లక్ష్మి పాదాలు గేటు నుంచి ఇంట్లోకి వస్తాయి. ఇవి ఇంట్లోంచి గేటు వైపు పోతున్నాయి.

"పెండ్లింట్లోంచి లచ్చిమి బయటికి పోతాంటే ఇంగ ఏం పెండ్లి చేస్తాం నాయనా," అంది కొడుకుతో. "ఉయ్యాలవాడకు ఫోన్ చెయ్యి. ఈరోజు రావద్దని చెప్పు. ముహూర్తం మళ్ళా చూసుకుందాం."

"మా, బట్టలు కొన్నాం, బంధువులందరికీ చెప్పుకున్నాం. ఇప్పుడెట్ల ఆపేది?"

"కండ్లారా చూసినాక ఎట్ల చేసేది?"

గుమ్మంలో పెళ్ళికూతురు నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. ఆమె వెనక, పక్కవాకిలి దగ్గర, మేనత్త చీర అంచు కిందికి లాక్కుని నిలబడింది. ఆ లాక్కోవడం నేను చూశాను. అప్పుడు దానికి అర్థం తట్టలేదు. నా ధ్యాసంతా ఆ ఎరుపు మీదే ఉంది.

గొంతుక్కూర్చుని దగ్గరగా చూశాను. ఎరుపు అంచుల్లో సోడా సరిగా తగలని చోట సన్నగా పసుపుపచ్చ కనిపించింది. వాసన చూస్తే సోడా ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. గడప పక్కన గంపలో నిమ్మకాయలున్నాయి, పెళ్ళిల్లు కదా. ఒకటి తీసి కోసి ఒక పాదం మీద పిండాను. పిండిన చోటల్లా ఎరుపు పోయి పసుపు తేలింది. బేల్దారి నోరు తెరిచాడు. నాకు మాత్రం ఒళ్ళంతా తేలికైపోయింది.

"పసుపు," అన్నాను లేస్తూ. "ఇది ఉత్త పసుపు పెద్దమ్మా. పారాణి ఎట్ల చేస్తారు, పసుపులో సున్నం కలిపితే ఎర్రగా కాదా. సోడా కూడా సున్నం మాదిరే పనిచేస్తుంది. షెడ్డు కింద ఎండ పడదు కాబట్టి పసుపు అట్లాగే ఉండిపోయింది, దుమ్ములో కంటికి ఆనలేదు. లక్ష్మి ఎక్కడికీ పోలేదు, ఎవరో పసుపు కాళ్ళతో నడిచారు, అంతే."

ఇంటాయన గట్టిగా ఊపిరి వదిలాడు. పెద్దమ్మ కూడా వంగి చూసి, నిజమేనన్నట్టు తల ఊపింది. పారాణి సంగతి ఆమెకు నేను చెప్పాలా. అంతటితో నోరు మూసుకుని ఉంటే నా అంత మంచివాడు ఇంకొకడు ఉండేవాడు కాదు. కానీ గొప్ప సంగతి కనిపెట్టినవాడు ఆగడు కదా.

"నిన్న నడిచినట్టుంది," అన్నాను. "చూడండి, మడమలు ఆనలేదు. ముని వేళ్ళ మీద పరుగెత్తారు. పక్కవాకిలి నుంచి వచ్చి, ఇదిగో ఈ కొళాయి దగ్గర ఆగారు. ఇక్కడ కాళ్ళు కడుక్కున్నారు, అందుకే ఇంక ముందుకు లేవు. తిరిగి పోయినప్పుడు పసుపు లేదు, అందుకే ఆ గుర్తులు లేవు."

బేల్దారి నా చొక్కా వెనక పట్టి లాగాడు. నేను చెప్పడం ఆపేటప్పటికి ఎవరూ నవ్వడం లేదు.

"ఎవురి కాళ్ళు?" అన్నాడు ఇంటాయన.

ఆ మాట నా చెవిన పడ్డాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు ముగ్గురే, చుట్టాలు ఇంకా దిగలేదు. పెళ్ళికూతురికి పసుపు రాసేది రేపు. మిగిలిన ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళు, ఆ ఇంటి ఆచారంలో పసుపు తాకనివాళ్ళు. లక్ష్మి వెళ్ళిపోతోందన్న భయం తీర్చబోయి, అంతకంటే పెద్ద ప్రశ్న నేనే తెచ్చి వాకిట్లో పెట్టాను.

"నావి నాయనా," అంటూ పెళ్ళికూతురు దిగి వచ్చింది.

"నీకు రేపు గదమ్మా రాసేది."

"ఊరికే రాసుకొని చూసినా." ఒక గుర్తు పక్కన పాదం పెట్టింది. పొడుగాటి పాదం, వేళ్ళు తిన్నగా ఉన్నాయి. కాంక్రీటు మీదున్న వేళ్ళు పొట్టివి, రెండో వేలు బొటనవేలి మీదికెక్కి ఉంది. అమ్మాయి పాదం వెనక్కి తీసుకుంది.

పెద్దమ్మ ఆ వేలి గుర్తునే చూస్తూ చాలాసేపు నిలబడింది. ఎవరి వైపూ తిరగలేదు. తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకుండా కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఇంటాయన ఆమె వెనకే వెళ్ళాడు. ఆమె కేకలు వేసి ఉంటే నాకు అంత దిగులు ఉండేది కాదు.

"చెప్పినా గదా," అన్నాడు బేల్దారి. ఆయనకు అదీ ఎక్కువ మాటే. కాసేపయ్యాక, "ఆసిడ్ కొడ్దాం. వాళ్ళొచ్చేలోపల పోతాయి," అన్నాడు.

"ఆసిడ్ కొడితే పసుపు పోతుంది, పాదాల ఆకారంలో కాంక్రీటు తినేసి ఉంటుంది. ఈ ఇల్లు ఉన్నన్నాళ్ళూ అట్లాగే ఉంటాయి," అన్నాను. "నిమ్మకాయలే దిక్కు. ముందు ఎరుపు పోగొట్టి, తర్వాత సబ్బుతో రుద్దుదాం."

నిమ్మకాయల గంప మోసుకొచ్చింది పెళ్ళికూతురు. నా పక్కన కూర్చుని తానే కోయడం మొదలుపెట్టింది. నేనేమీ అడగలేదు. ఆ రోజు అడగకుండా ఊరుకున్న సంగతి అదొక్కటే. అమ్మాయే చెప్పింది.

"నేనే రాసినా. రేపు అందరూ నాకు రాస్తారు, మా అత్తను మాత్రం రానీరు. అవ్వ ఒప్పుకోదు. నన్ను పెంచింది అత్త. ఆమె కాళ్ళకు పసుపు రాసి మొక్కి పోవాలని నాకుండె. నిన్న అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు పట్టుకొని రాసేసినా. అత్త బెదిరిపోయి కడుక్కునేదానికి ఈ కొళాయి కాడికి పరిగెత్తింది. లోపల బాత్రూం కాడ అవ్వ ఉండె."

పక్కవాకిలి నుంచి మేనత్త వచ్చింది. "వద్దే అని మొత్తుకున్నా, విన్యావా," అంది అమ్మాయితో. తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, బేగా పోతాయా ఇవి?" అని అడిగింది.

"పోతాయమ్మా. కానీ కొంచెం టైం పడుతుంది."

"నన్నేమన్నా పర్లేదన్నా, అలవాటే. నా కాళ్ళ వల్ల బిడ్డ పెండ్లికి మాట రాగూడదు. మగపిల్లోని తట్టోళ్ళు చూస్తే ఏమనుకుంటారు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. పాలు పొంగుతాయేమో చూడు అన్నంత మామూలుగా అంది. అందుకే నాకు ఇప్పటికీ ఆ గొంతు గుర్తుంది. ఎంత గబగబా రుద్దానో నాకే తెలియదు. బేల్దారి కూడా ఆసిడ్ మాట మళ్ళీ ఎత్తకుండా మోకాళ్ళ మీద కూర్చుని నిమ్మచెక్కలు రుద్దాడు. సగం పాదాలు పసుపుపచ్చగా మారాయి, సగం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అప్పుడు గేటు దగ్గర కారు హారన్ వినిపించింది. మధ్యాహ్నం వస్తామన్నవాళ్ళు ముందే వచ్చేశారు.

కారులోంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. పెద్దామె పెళ్ళికొడుకు తల్లికి అక్కట. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చీర. రెండడుగులు వేసి ఆగిపోయింది. మేనత్త అప్పటికే పక్కవాకిలి గోడకు అతుక్కుపోయింది. పెళ్ళికూతురు చేతిలో కత్తితో, ఒళ్ళో నిమ్మకాయలతో అట్లాగే కూర్చుండిపోయింది.

ఇంట్లోంచి ఈడ్చే కాలి చప్పుడు వచ్చింది. పెద్దమ్మ, వెనక ఇంటాయన.

"రా తల్లీ, రా," అంది పెద్దమ్మ.

"వస్తాండాం పిన్నమ్మా," అంది ఆమె, కళ్ళు మాత్రం నేల మీదే ఉన్నాయి. "ఇవేంది? పసుపు కాళ్ళ మాదిరి ఉండాయే. పెండ్లికూతురికి అప్పుడే రాసినారా?"

"లేదు."

"మరి ఎవురివి?"

పెద్దమ్మ నెమ్మదిగా షెడ్డు కిందికి వచ్చింది. చెప్పు విడిచింది. చీర అంచు కొంచెం ఎత్తి, కుడిపాదం ఒక ఎర్రటి గుర్తు మీద పెట్టింది. అప్పటిదాకా ఆమె పాదం నేను చూడలేదు. రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. గుర్తు మీద వేళ్ళు అతికినట్టు సరిపోయాయి. మేనత్తకు ఆ వేలు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

"నావి," అంది.

ఉయ్యాలవాడ నుంచి వచ్చినామె తలెత్తి పెద్దమ్మ బోసి నుదురు చూసింది. మళ్ళీ పాదం చూసింది. "మీవా?"

"కాళ్ళు నావి, పసుపు నా ఇంట్లోది. ఇంగేమన్నా అడగాల్నా తల్లీ?"

"అయ్యో, లేదు పిన్నమ్మా. కండ్లబడె, ఊరికే అడిగినా."

"అడిగితే తప్పేముంది. లోపలికి రా, ఎండన పడి వచ్చినారు."

వాళ్ళు లోపలికి నడిచారు. ఇంటాయన తల్లి వైపు ఒకసారి, చెల్లెలి వైపు ఒకసారి చూసి, పళ్ళెం అందుకుని వెళ్ళాడు. పెద్దమ్మ అందరికంటే వెనక బయలుదేరి, గోడకు అతుక్కున్న కూతురి ముందు ఆగింది. ఆమె ఏమంటుందోనని నేను చేతిలో నిమ్మచెక్క పిండడం కూడా మరిచిపోయాను.

"ఏమ్మే, ఆడ నిలబడుకున్యావేంది. పోయి వాళ్ళకు మంచినీళ్ళియ్యి. ముందు వాకిలి నుంచి పో."

అంతే అంది. మేనత్త కదల్లేదు. పెద్దమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. కోపంతో తోసినట్టే ఉంది చూసేవాళ్ళకు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం చూస్తాండావ్ నాయనా, పని చూసుకో," అంది.

పని చూసుకున్నాం. సాయంత్రానికి ర్యాంపు మీద పసుపు లేదు, ఆయిలు లేదు, పాచి లేదు. నంద్యాల వచ్చేదాకా బేల్దారి ఒక్క మాట కూడా అనలేదు. నేను కూడా అనలేదు. మా స్నేహంలో అట్లాంటి ప్రయాణం ఇంకొకటి లేదు.

కానీ నా బుర్ర ఊరుకుంటుందా. మర్నాడు పసుపు రాసేటప్పుడు ఏమైంది? వాళ్ళు వెళ్ళిపోయాక తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారు? ఆమెను పెళ్ళిపందిట్లోకి రానిచ్చారా, లేక ఆ మంచినీళ్ళతోనే సరిపెట్టారా? వేరే ఇళ్ళలో పని చేస్తున్నా మనసు అక్కడే తిరిగింది. ఎవరినైనా అడుగుదామంటే, ఆ నోటితో ఏం అడగను.

పెళ్ళయిన కొన్నాళ్ళకు ఆళ్ళగడ్డ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. పందిరి తీసేశారు, ర్యాంపంతా నూనె జిడ్డు, వక్కాకు ఉమ్ములు, వచ్చి కడిగిపొమ్మని. దారిలో బేల్దారి నాతో ఒట్టు వేయించుకున్నాడు. "పోతాం, కడుగుతాం, వస్తాం. నువ్వు ఏమీ అడగొద్దు, ఏమీ చెప్పొద్దు." సరేనన్నాను.

మేము వెళ్ళేటప్పటికి పెద్దమ్మ షెడ్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మా కోసమే కూర్చున్నట్టుంది. పెళ్ళికూతురు అత్తగారింట్లో ఉంది. మేనత్త లోపల ఎక్కడో పనిలో ఉంది, గొంతు మాత్రం వినిపిస్తోంది. నేను పైపు తగిలించి మిషను ఆన్ చేయబోతుంటే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఈడ సోడా పొయ్యి."

"ఇక్కడ ఆయిలు మరక లేదు పెద్దమ్మా. జిడ్డంతా అటు వైపుంది."

"పొయ్యమన్న కాడ పొయ్యి."

బేల్దారి నీళ్ళు కాచాడు. సోడా కలిపి, ఆమె చూపించిన మేర పోసి, చీపురుతో పరిచాను. ముగ్గురమూ ఆగాం.

మొదట షెడ్డు కింద, గేటు వైపు అంచు నుంచి లేచాయి. ఎర్రటి వేళ్ళు, ఆ తర్వాత పాదాలు, ఈసారి మడమలతో సహా. ఒక జత కాదు, రెండు జతలు. పక్కపక్కనే నడిచినవి. రెండింటిలోనూ కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. ఒక జతలో ఎడమపాదం మాత్రం పొడుగ్గా గీత గీసినట్టు ఈడ్చుకుపోయింది. కొన్ని చోట్ల రెండు జతలూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఒకదాని అంచు ఒకదాన్లో కలిసిపోయింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే తప్ప అంత దగ్గరగా నడవలేరు. వేళ్ళన్నీ ఇంటి వైపే తిరిగి ఉన్నాయి. పక్కవాకిలి వైపు కాదు, ముందు వాకిలి వైపు.

నా కళ్ళు మసకబారాయి. సోడా ఘాటు అని చెప్పుకోవచ్చు గానీ, కాదు.

"కనబడినాయా?" అంది పెద్దమ్మ.

"కనబడినాయి పెద్దమ్మా."

"ఎవురివో చెప్పు మల్ల. నీకన్నీ తెలుస్తాయి గదా."

బేల్దారి నన్నే చూస్తున్నాడు. నోటిదాకా వచ్చింది. నా జీవితంలో చూసిన గొప్ప మరక అది. ఎప్పుడు నడిచారు, ఎట్లా నడిచారు, ఎక్కడ తడబడ్డారు, ఎవరు ఎవరిని పట్టుకున్నారు, అన్నీ చెప్పగలను.

"నాకేం తెలుసు పెద్దమ్మా," అన్నాను. "నేను మరకలు తీసేవాణ్ణి."

ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పై పళ్ళు లేవు. నవ్వి, ఆ పాదాలను ఇంకాసేపు చూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"సరే, ఇంగ కడుగు," అని కాలు ఈడ్చుకుంటూ ముందు వాకిలి నుంచి లోపలికి వెళ్ళింది.

నేను మిషను ఆన్ చేశాను. గన్ను పట్టుకుని, ఆ పాదాలకు బాగా దూరంగా, గేటు అవతలి మూల నుంచి మొదలుపెట్టాను.